తీగ లేని చెరువు

ఆ తెల్లారి ఆకాశం కడగని మూకుడులా ఉంది. మూడు రోజులుగా అదే తీరు. వాన పడదు, ఎండ రాదు.

ఆటో ఆగీ ఆగకముందే అచ్చిబాబు గట్టు మీదకి దూకాడు. చెరువులో ఎనిమిది ఫ్యాన్లూ నిలబడిపోయి ఉన్నాయి. నీళ్లు చిలికి రొయ్యకి ఊపిరి అందించాల్సిన రెక్కల మీద కొంగలు వాలాయి. వాటికి ఆ పూట వేటాడే పని లేదు. ఒడ్డు పొడుగునా చచ్చిన రొయ్య తెల్లగా పేరుకుపోయింది. ఇంకో పది రోజులాగితే పట్టుబడి, రొయ్య పట్టి అమ్మేసేవాళ్లు.

వెనకాలే అతని భార్య వీరవేణి, ఆమె అన్న మురళీకృష్ణ దిగారు. అణుకరెంటు వద్దని ముందురోజు రాజమహేంద్రవరంలో సభ జరిగింది. పెట్టించింది మురళీకృష్ణే, సైన్సు మాస్టారు. ఒక్క రాత్రికేగా అని చెరువుని అచ్చిబాబు తల్లికి అప్పజెప్పి మొగుడూ పెళ్లాలు కూడా వెళ్లారు. పక్క చెరువు బుల్లియ్య “రొయ్య తేలిందండి” అని ఫోను చేస్తే, మొదటి బస్సుకి ద్రాక్షారామంలో దిగి ఆటో కట్టించుకుని వచ్చారు.

అచ్చిబాబు షెడ్డులోకి వెళ్లి గునపం తెచ్చాడు. మురళీకృష్ణ మాట విని గట్టు మీద వరసగా నిలబెట్టిన సోలారు పలకల్లో మొదటిదాన్ని ఒక్క పోటు పొడిచాడు.

“బావా, ఆగు!” మురళీకృష్ణ పరిగెత్తుకొచ్చాడు. “ ముందు ఆ కరెంటు బాక్సు ఒకసారి చూడనీ. ఎందుకాగాయో...”

“ఎందుకాగాయో నేను చెప్తాను బావా.” పదేళ్లుగా బావగారూ అని తప్ప పిలవని నోట్లోంచి ‘గారు’ రాలిపోయింది. “నిన్న మైకులో ఏమన్నావ్? ఎండకి మీటరు లేదన్నావ్. నిజమే. ఎండే లేదు!”

రెండో పలక భళ్లుమంది.

“మబ్బు రోజులకి ఇంకో రెండు బ్యాటరీలు కావాలని అప్పుడే చెప్పా గదయ్యా.”

“ఉన్నదానికే కొబ్బరితోట కౌలుకి పోయింది. ఇంకో రెంటికి నేను పోవాలి!” మూడోది. “మబ్బు పట్టిన రోజే రొయ్యకి ఊపిరాడదు. మబ్బు పట్టిన రోజే నీ పలకలు ముసుగుతన్ని పడుకుంటాయి. ఊరందరికీ పాఠాలు చెప్తావు, ఈ ముక్క నీకు తట్టలేదా?”

“తట్టింది. లైను కరెంటు కూడా ఉంచుకోమన్నాను. శాలువా కప్పుతారనేసరికి మీటరు పీకించేసింది నువ్వు.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిన్న వేదిక మీద నిలబెట్టి, ‘తీగ లేని చెరువు ఈయనదే’ అంటే జనం చప్పట్లు కొట్టారు. అచ్చిబాబు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“తీగలో వచ్చే కరెంటుకి ఇది అణువుది, ఇది బొగ్గుది అని రంగులుంటాయేంటి? నా ఫ్యాన్లు తిరిగితే చాలు నాకు. ఆ అణుకేంద్రమేదో కట్టేసుంటే రాత్రీ పగలూ ఒక్కలా తిరిగేవి.”

“అది పేలితే?”

“పేలితే అందరం పోతాం. ఇప్పుడు నేనొక్కణ్ణే పోయాను!”

వీరవేణి మధ్యలో దూరింది. “చాలించండి ఇద్దరూ! మా అన్నయ్యేమైనా మబ్బులు తోలుకొచ్చాడేంటండీ? అన్నయ్యా, నువ్వూ నోరు మూసుకో. చెరువు పోయి ఆయన ఏడుస్తుంటే లెక్చర్లేంటి నీకు?”

గట్టు చివర పెంకుటింటి గుమ్మంలో తల్లి సంపూర్ణమ్మ, మనవరాలిని చంకనేసుకుని నిలబడింది. వరిచేలల్లో ముదిరిన మనిషి. ఈ చెరువు మీదకొచ్చి నెల కాలేదు.

“ఒరేయ్ అబ్బాయ్...” అనబోయింది.

“నువ్వు లోపలికి పోవే అమ్మా!”

ఆమె పోయింది.

అచ్చిబాబు షెడ్డు గోడకేసి నడిచాడు. ఇంటికీ చెరువుకీ కరెంటు పంచే బాక్సుని గునపంతో పెకలించి, చచ్చిన రొయ్య మీదకి విసిరేశాడు. కొంగలు లేచిపోయాయి. తిరిగొచ్చి మళ్లీ పలకలు అందుకున్నాడు. పన్నెండు పగిలాయి. పదమూడోదానికి మురళీకృష్ణ అడ్డం నిలబడ్డాడు. అచ్చిబాబు అతన్ని పక్కకి తోశాడు. మాస్టారు పగిలిన అద్దాల మీద చెయ్యి ఆనించి పడ్డాడు.

రక్తం చూశాక గునపం దానంతటదే జారింది.

మధ్యాహ్నం మూడు దాటాక వీరవేణి పళ్లేలు పెట్టింది. మురళీకృష్ణ కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. అచ్చిబాబు లేచి వెళ్లి, చెంచా వెతికి తెచ్చి, అతని పళ్లెంలో పెట్టి కూర్చున్నాడు. క్షమించమని అడగడం అతనికి అంతవరకే తెలుసు. మురళీకృష్ణ తలూపాడు. ముద్దపప్పు, ఆవకాయ. గట్టు మీంచి నీచువాసన అప్పుడే మొదలైంది.

కొడుకు ముద్ద మింగలేకపోవడం సంపూర్ణమ్మ చూసింది. వాడికి కాస్త ఊరటగా ఉంటుందని, మజ్జిగ పోస్తూ మెల్లగా అంది.

“నీ మాట నేను జవదాటలేదురా అబ్బాయ్. ‘సెల్లులో చూశా, బ్యాటరీ దిగిపోతోంది, ఫ్యాన్లు ఆపెయ్’ అని నిన్న సాయంత్రం ఫోన్లో అన్నావా? వెంటనే గట్టు మీదకెళ్లి ఎనిమిదీ నేనే ఆపేశాను. పిల్లని దోమలు కుడతాయని ఇంట్లో ఫ్యాను మాత్రం తెల్లార్లూ తిప్పాను, అంతే.”