నలభై ఎనిమిదో డబ్బా

ఆవిడ సంచిలోంచి పసిపిల్లల పాలపొడి డబ్బా తీసి, తిరగేసి, అడుగున ఉన్న బ్యాచ్ నంబరు అతనికి చూపించింది.

"ఈ నంబరు టీవీలో చెప్పండి సార్."

కంపెనీ పరువు కాపాడటమే అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ అతన్ని ఫైరింజను అంటారు. ఎక్కడ పొగ లేచినా పరిగెత్తేది అతనే మరి.

ఈసారి లేచింది పొగ కాదు, పెద్ద మంటే. కంపెనీ పాలపొడి తాగి తొమ్మిది మంది పసివాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. యంత్రాలు కడిగే రసాయనం సరిగా వదలక పొడిలో కలిసింది. కడిగే టైము సగానికి తగ్గించమన్నది పైవాళ్లే. ఆ సంగతి అతనికి తెలుసు.

తెలిసీ ప్రకటనలో "ప్యాకింగ్ సూపర్‌వైజర్ నిర్లక్ష్యం" అని రాశాడు. ఉద్యోగంలోంచి తీసేశామని కూడా రాశాడు. అదే మాట టీవీలో మూడుసార్లు చెప్పాడు. యంత్రం తప్పంటే కంపెనీ మూతపడుతుంది, మనిషి తప్పంటే ఒక్క మనిషితో పోతుందని అతని లెక్క.

"సరుకంతా వెనక్కి తెప్పించామని నిన్ననే చెప్పాం కదమ్మా" అన్నాడు.

"అంతా రాలేదు సార్. నాలుగు పెట్టెలు ఇంకా బయటే ఉన్నాయి. సందుల్లో చిన్న చిన్న కొట్లకి పోయాయవి."

"మీకెవరు చెప్పారు?"

ఆవిడ డబ్బా అడుగుని అతని వైపు ఇంకాస్త తిప్పింది.

"తెలుసు సార్. నంబరు చెబితే ఎవరి డబ్బా వాళ్లే తిరగేసి చూసుకుంటారు."

నంబరు చెప్పొద్దని పట్టుబట్టింది కూడా అతనే. చెబితే జనం నంబరు కలవని డబ్బాలు కూడా అవతల పారేస్తారని అతని భయం.

"మీ బిడ్డకేమైనా అయిందా అమ్మా?"

"ఎవరి బిడ్డయితేనేం సార్?"

ఆసుపత్రిలో ఉన్న పిల్లల్లో ఎవరి తల్లో అయ్యుంటుంది అనుకున్నాడు. కాకపోతే పోటీ కంపెనీ ఎగదోసి పంపిన మనిషి. ఎవరైనా వైద్యం ఒకటే. కుర్చీ వేయించాడు. మంచినీళ్లు తెప్పించాడు. గొంతు తగ్గించాడు.

"మీ బాధ మాకు అర్థమవుతోందమ్మా. పైవాళ్లతో ఈరోజే మాట్లాడతాను."

ఆవిడ నీళ్లు ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు మళ్లీ వచ్చింది. మీటింగులో ఉన్నానని చెప్పించాడు. మధ్యాహ్నం దాకా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విలేకరులు వచ్చే వేళయింది.

"ఆవిడని వెనక గేటు నుంచి పంపించెయ్యమ్మా" అన్నాడు రిసెప్షను అమ్మాయితో.

పంపించి వచ్చి ఆ అమ్మాయి చెప్పింది. "సరే, నేనే పోయి తెచ్చుకుంటానని మీకు చెప్పమంది సార్."

ఏం తెచ్చుకుంటుందో అతను అడగలేదు.

మూడో రోజు రాలేదు. అమ్మయ్య అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున ఫ్యాక్టరీ గోడౌన్ మేస్త్రీ ఫోన్ చేశాడు.

"సార్, ఆవిడొచ్చి డబ్బాలన్నీ గేటు దగ్గర దింపిపోయింది. మీ దగ్గర పని కాలేదంటగా. కొట్టు కొట్టుకీ, ఇల్లిల్లూ తిరిగిందంట పాపం."

ఎవరని అడగాల్సిన పని లేకపోయింది.

"మొత్తం వచ్చాయా?"

"నాలుగు పెట్టెల్లో కలిపి నలభై ఎనిమిదికి నలభై ఏడు. ఒక్కటి మాత్రం ఎవరింట్లో ఉందో దొరకలేదంట. ఇప్పుడైనా నంబరు చెప్పమనండి అంది."

అతను ఫోన్ పెట్టేశాడు. పరుగున ఎండీ గదికి వెళ్లాడు.

"సార్, నంబరు చెప్పేద్దాం."

"వద్దన్నది నువ్వే కదయ్యా!"

"నేనే సార్. తప్పు చేశాను."

పదిహేనేళ్లలో ఆ మాట అతను ఒక్క ప్రకటనలో కూడా రాయలేదు.

గంటలో నంబరు టీవీలో వచ్చింది. ఇంకో గంటకి ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"నిన్నటి నుంచి ఐదు నెలల పాప ఒకటే వాంతులు. ఎందుకో మాకు అంతుపట్టలేదు. నంబరు చూసి వాళ్ల నాన్న డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గండం గడిచింది లెండి. కానీ, ఈ ముక్క నాలుగు రోజుల క్రితమే చెబితే మీ సొమ్మేం పోయేదండీ?"

ఎవరికైనా, దేనికైనా జవాబు రాసిచ్చే మనిషికి ఆ డబ్బాలో పాలు తన చేత్తోనే కలిపి పాపకి పట్టినట్టనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

తేరుకున్నాక గోడౌన్ మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఆవిడ పేరూ, ఇల్లూ కనుక్కో. ముందు నేను వెళ్లి క్షమించమని అడగాలి. రేపు పేపర్ల వాళ్లందరి ముందూ కూర్చోబెట్టి, ఈవిడే పిల్లల్ని కాపాడిందని నా నోటితో నేనే చెప్పాలి."



"తనెవరో ఆవిడ మీకు చెప్పలేదా సార్? చెబితే నంబరు మాట అసలే వినరని భయపడి ఉంటుంది" అన్నాడు మేస్త్రీ. "నిర్లక్ష్యం అని టీవీలో చెప్పి మీరు తీసేయించారే, ఆ ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మే సార్ ఆవిడ."