వాపసు కోరిన మెసేజ్

బుడమేరుకి గండిపడి కొల్లేరు పొంగిన ఏడాది అది. దేవసహాయం చేపల చెరువు గట్టుతో సహా కొట్టుకుపోయి నెల తిరగలేదు. ఏలూరు బ్యాంకులో మేనేజరు మృదుల అతని ముందు ఒక కాగితం పెట్టింది.

“కువైట్‌లో మీ చెల్లెలు దేవకుమారి గారు పనిచేసే ఇంటి యజమాని, ఆవిడ పేరున మీ ఖాతాకి నెలకి ఇరవై వేలు పంపుతాడు కదండీ. ఈసారి పొరపాటున సున్నా ఎక్కువ కొట్టాడు. రెండు లక్షలు పడ్డాయి. వెనక్కివ్వమని వాళ్ళ బ్యాంకు మెసేజ్ పెట్టింది. మీరు ఒప్పుకుంటేనే పంపగలం. సంతకం పెట్టండి.”

“పెట్టనండి.”

“అదేంటండీ!”

“దాని పేరున వచ్చింది కదండీ. అదే అక్కడి బ్యాంకుకొచ్చి నాతో ఫోన్లో చెప్పాలి.”

“మీరే ఫోన్ చేసి అడగండి.”

“దాని ఫోన్ పనిచెయ్యదండి.”

పక్క కుర్చీలో ఉన్న తివాచీల వ్యాపారి దస్తగిరి నవ్వాడు. “చెల్లెలి డబ్బుతో చెరువు తవ్విద్దామనా ఏంటండీ?”

దేవసహాయం తల దించుకున్నాడు.

మృదుల గొంతు పెంచింది. “బ్యాంకుకీ బ్యాంకుకీ మధ్య కబుర్లుండవండీ. ఒప్పుకున్నారా, లేదా, ఎందుకు లేదు. అంతే మెసేజ్.”

“ఆ ఎందుకు దగ్గర ఇదే రాయండి.”

“కేసు పెడతారు, తెలుసా?”

“పెట్టనివ్వండి.” మాట గట్టిగానే వచ్చింది.

మృదుల అలాగే రాసి పంపింది. దేవసహాయం భోజనానికి కూడా లేవలేదు. నాలుగింటికి జవాబొచ్చింది.

“రేపు వాళ్ళ టైము ఎనిమిదిన్నరకి, అంటే మనకి పదకొండింటికి, యజమాని ఆవిడని బ్రాంచికి తీసుకొస్తాడట. ఇప్పుడు సంతోషమేనా?”

“ఏ బ్రాంచండీ? వీధి పేరుతో రాసివ్వండి.”

“మీరేమన్నా వెళ్తారా ఏంటి?” విసుక్కుంటూనే రాసిచ్చింది.

అతను ఆ కాగితం పట్టుకుని బయటికెళ్ళి, ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు.

“ప్లీడరుకా?” అంది మృదుల. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున బ్యాంకు తలుపులు తీసేసరికే వచ్చి కూర్చున్నాడు. పదకొండింటికి అతని ఫోన్ మోగింది.

“అన్నయ్యా! డబ్బు పంపెయ్యి. ఈయన పక్కనే ఉన్నాడు, కోప్పడతాడు.”

మూడేళ్ళలో ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

దేవసహాయం సంతకం పెట్టి, కాగితం మృదుల వైపు జరిపాడు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“గుమ్మంలో మన ఎంబసీ వాళ్ళున్నారమ్మా, వాళ్ళ కారెక్కెయ్.”