మూడో కేసు

విజిల్ వినపడగానే తూనీగ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

రొట్టెల వ్యాను కీచుమని అరిచి మలుపుకి కాస్త ముందు ఆగింది. ఆ దారిన రావడం అతనికి అదే మొదటిసారి. వెనకాల ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

బేకరీలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఒకచోట వాలడని అందరూ తూనీగ అంటారు. ఆ పేరుకి మురిసిపోయేవాడు కూడా. ఆ మురిపెమే లైసెన్సు మీద రెండు స్పీడు కేసులు తెచ్చిపెట్టింది. మూడోది పడిందంటే ఆరు నెలలు స్టీరింగు ముట్టుకోకూడదు. బండి నడపని డ్రైవరుతో బేకరీకి పనేముంది?

అద్దంలో ఖాకీ చొక్కా, టోపీ దగ్గరికొస్తున్నాయి.

'అయిపోయాను' అనుకున్నాడు.

పోలీసులు ఆపితే ఏం చెయ్యాలో బావమరిది ఎప్పుడో పాఠం చెప్పాడు. ఇంజను ఆపెయ్యి. అద్దం దించు. చేతులు కనపడేట్టు స్టీరింగు మీద పెట్టు. అడిగిందానికే జవాబు చెప్పు. బావమరిదిని ఇప్పటికి నాలుగుసార్లు ఆపారు కాబట్టి ఆ విషయంలో అతను పండితుడు.

తూనీగ అన్నీ వరసగా చేశాడు.

వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. చేతిలో రూళ్ళ నోటుపుస్తకం, చెవి వెనక పెన్సిలు.

"ఎంత స్పీడులో వస్తున్నారు బాబూ?"

"యాభై సార్. మహా అయితే అరవై."

"ఎనభై" అన్నాడాయన. అదే రాసుకున్నాడు.

"లైసెన్సు చూపించమంటారా సార్?"

"అక్కర్లేదు. ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్ళెవరు?"

ఈ ప్రశ్న బావమరిది పాఠంలో లేదు.

"మా ఆవిడ సార్. అయిదేళ్ళ పాప."

ఆయన అదీ రాసుకున్నాడు, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు. తర్వాత వ్యానుకి అడ్డంగా వెళ్ళి, మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సార్, స్కూలు క్యాంటీనుకి రొట్టెలు అందాలి. రాయడం అయితే నేను బయల్దేరతాను."

"పది నిమిషాలు కూర్చోండి."

"ఎందుకు సార్?"

"ఊరికే."

తూనీగకి ఒళ్ళు మండింది. లంచం అడిగినా బాగుండేది, బేరమైనా ఆడొచ్చు. ఆయన ఏమీ అడగలేదు. పది నిమిషాలయ్యాక పక్కకి జరిగి "నెమ్మదిగా వెళ్ళండి" అన్నాడు.

"ముసలి పీనుగ!" అని, అద్దం పూర్తిగా ఎత్తుకున్నాకే తిట్టాడు తూనీగ.

ఇంట్లో సంగతి చెప్పేసరికి భార్య మొహం వాడిపోయింది.

"చేతికి కాగితమేం ఇవ్వలేదా?"

"లేదు. పుస్తకంలో ఎక్కించుకున్నాడు."

"అలా ఎక్కిస్తే మరీ ప్రమాదం బావా" అన్నాడు పండితుడు. "పొద్దున్నే నువ్వే స్టేషనుకెళ్ళు. కాళ్ళావేళ్ళా పడు."

మర్నాడు తూనీగ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరమ్మ బండి నంబరు కంప్యూటర్లో కొట్టి చూసింది.

"మీ మీద కొత్త కేసేమీ లేదే!"

"నిన్న మలుపు దగ్గర ఒక పెద్దాయన రాసుకున్నాడు మేడమ్. పెన్సిలుతో."

ఆవిడ నవ్వేసింది. "ఆయనా? ఆయన పోలీసు కాదండీ."

"కాదా?"

"పోలీసునని మీతో అన్నారా?"

తూనీగ గుర్తు చేసుకున్నాడు. అనలేదు. విజిల్ విని, టోపీ చూసి, తనే అనుకున్నాడు. గుమ్మడికాయల దొంగలాగా లైసెన్సు చూపిస్తానన్నదీ తనే.

గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడి భార్యకి ఫోను చేశాడు.

"కేసు లేదు, ఏం లేదు. లైసెన్సుకి ఢోకా లేదు!"

అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఏదైనా హాయిగానే ఉంది.

భయం పోగానే కోపమొచ్చింది.

"మరి ఆయన్ని అలా ఎందుకు వదిలేశారు మేడమ్? దారినపోయేవాళ్ళని ఆపి హడలగొడతాడా?"

"ఇక ఆపరు లెండి. నిన్నటితో సరి. ఇవాళ్టి నుంచి అక్కడ సిగ్నలు పెడుతున్నాం, ఇద్దరు కానిస్టేబుళ్ళని వేశాం. ఆయన అర్జీలతో మా బీరువా నిండిపోయింది. నిన్న సాయంత్రం ఈ మాట చెబితే 'అమ్మయ్య' అని అరగంటసేపు లేవకుండా ఇక్కడే కూర్చున్నారు."

"రోజూ నిలబడేవారా?"

"పదకొండేళ్ళు. మలుపు అవతల బడిపిల్లలు రోడ్డు దాటతారు. స్పీడుగా వచ్చే బండి కనపడితే, పిల్లలంతా అటు చేరేదాకా ఇటే పట్టి ఉంచేవారు. ఇన్నేళ్ళలో ఒక్కరికీ చిన్న గాయం కూడా కాలేదు."

పది నిమిషాలు ఎందుకో తూనీగకి అప్పుడు అర్థమైంది. మలుపు అవతల ఏముందో తను చూడనే లేదు. ఎనభైలో అటు తిరిగి ఉంటే? ఆ వెంటనే, తిరగలేదు కదా అని, లైసెన్సు దక్కినప్పటికన్నా పెద్ద ఊపిరి వదిలాడు.

"ఆయన ఎక్కడుంటారు మేడమ్? ఒక్కసారి కనపడి రావాలి."

"పొద్దున బస్సుకే వాళ్ళక్కయ్య దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక ఈ ఊరు రానన్నారు."

తూనీగ లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ మలుపులో ఆయన పిల్లలెవరైనా పోయారా?" అని మెల్లగా అడిగాడు.

ఇన్‌స్పెక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"పోయింది వేరేవాళ్ళ పాపండీ, ఆ రోజు బండి నడిపింది ఆయన."