రుమాలు కింద ముఖం

"ముక్కు ఇంగా పొడుగు రామాంజన్నా," అన్నాడు మారుతి.

"పొడుగు కాదు, లావు," అంది తల్లి తిమ్మక్క.

రామాంజి మళ్లీ చెరిపాడు. చచ్చిపోయిన మారుతి తండ్రి ఉచ్చీరప్పకు ఫోటో లేదు, ఆధార్ కార్డులో ఉన్నదీ నల్లటి మచ్చే. దినాలకు పటం కావాలని, ఆదోనిలో బోర్డులు రాసే రామాంజి దగ్గరికి వచ్చారు తల్లీకొడుకులు.

"ఇద్దరికీ మొగం గుర్తులేకపోతే నేనేం గీయల్ల?" విసుక్కుంటూ, వాళ్లు చెప్పినట్టు తలకు చుట్టిన రుమాలు ఒక్కటే గీశాడు రామాంజి. నాలుగు గీతలు, పక్కకు వేలాడే కొస.

తిమ్మక్క కాగితం లాక్కుంది. "ఈయప్పే. ఎంత బాగా గీసినావప్పా."

"ఉత్త రుమాలు గదమ్మా."

తిమ్మక్క కొడుకు వైపు తిరిగింది. "మార్కెట్టులో నేను పత్తి ఊడుస్తాంటే మీ నాయన మూట కింద వంగి పోతాండె. సావుకారి తిడితే ఇంగా వంగుతాండె. నేను చూసిందంతా ఈ రుమాలే."

మారుతి తండ్రి కళ్లు గుర్తుకు తెచ్చుకోబోయాడు. అతనికీ రుమాలే కనిపించింది.

రామాంజి దాని కింద ముఖం మొదలుపెట్టబోతే తిమ్మక్క చెయ్యి పట్టుకుంది.

"వద్దప్పా. ఎవరి మొగమో పెడితే, దానికి నేను దండం పెట్టుకోవల్లా?"