పేపర్లో రాని సగం

"బాబాయ్‌గారూ, ఈ గోడమీద కూర్చున్న పిల్లాడు మీరే కదూ?"

వరద చరిత్ర రాస్తున్న అమ్మాయి పాత పేపరు ముక్క చూపించింది. దర్జీ మిషను ఆపాడు.

"నేనేనమ్మా. కన్నావిడ నన్నలా వదిలేసి తన ప్రాణం తాను చూసుకుందట. అనాథాశ్రమంలో అందరూ అదే అనేవాళ్లు."

"ఆవిడ గురించి మీరు ఆరా తీయలేదా?"

"వద్దనుకున్న మనిషిని వెతికి ఏం చేసుకోను? ఆ తర్వాత ఎవర్నీ నమ్మబుద్ధి కాలేదు. పెళ్లీ లేదు, పెటాకులూ లేవు."

అమ్మాయి కాసేపు తటపటాయించి, సంచిలోంచి పెద్ద ఫోటో తీసింది.

"పేపరువాళ్లు పైసగమే వేశారు. అసలు ఫోటో ఇది."

గోడ కింద, పీకల్లోతు నీళ్లలో ఒకామె నిలబడి ఉంది. పిల్లాడు జారిపోకుండా రెండు చేతులూ ఎత్తి అతని కాళ్లు పట్టుకుంది.

"పడవవాళ్లు మిమ్మల్ని అందుకునేదాకా మీ అమ్మగారు చేతులు దించలేదట. అప్పటికే ఆవిడకి ఓపిక అయిపోయింది. మళ్లీ పడవ తిప్పేలోగా కొట్టుకుపోయారట. ఫోటో తీసినాయనే చెప్పారు."

దర్జీ ఫోటోని దగ్గరికి తీసుకున్నాడు. తడిసి నుదుటికి అతుక్కున్న ఆమె జుట్టుని వేలితో మెల్లగా నిమిరాడు.

"పాపం, అమ్మకి ఎంత చలేసిందో!" అన్నాడు.