ఒక్క కొత్త మొహం

"ఈ ఆదివారం ఒక్క కొత్త మొహం చూపించండి, చాలు. లేదంటే సోమవారం షెడ్డు ఖాళీ చేసెయ్యండి."

సంఘ పెద్ద చేతులు దులిపేసుకున్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. దేవుడి పనైనా సరే, కూడికలో తేలాల్సిందే.

మందిరం వెనక తమ పనిముట్లు దాచుకునే రేకుల షెడ్డు ముందు నిలబడి ఆ మాట విన్నది శనివారం గుంపు. గుంపంటే పెద్ద సైన్యమేం కాదు. టైలరమ్మ, ఫ్యాన్లు బాగుచేసే తాత, తాళాలాయన. శనివారం వచ్చిందంటే ముగ్గురూ సంచులు భుజాన వేసుకుని వీధుల్లో పడతారు. ఎవరింట్లో ఏది పాడైతే అది బాగుచేసి వస్తారు. పైసా పుచ్చుకోరు. మీది ఏ మతమని అడగరు.

"ఏడాదిగా తిరుగుతున్నారు. మీ వల్ల మందిరానికి వచ్చినవాడు ఒక్కడున్నాడా? ఈ షెడ్డు పాటల బృందానికిస్తే మైకులైనా పెట్టుకుంటారు" అన్నాడు మాస్టారు.

"ఫ్యాను బాగుచేశాం కాబట్టి ఆదివారం రండీ అంటే ఎలా మాస్టారూ? అది కూలి అడిగినట్టే కదా!" అన్నాడు తాత.

"అడక్కపోతే ఎలా వస్తారయ్యా? అసలు మీరే ఆరాధనలో సరిగ్గా కూర్చోరు. ముగ్గురూ బైబిల్లో వంటపనిలో మునిగిపోయిన మార్తలే. ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ ఒక్కరూ లేరు."

"ఆ మార్త కూడా పొయ్యి వెలిగించకపోతే ఆ పూట ప్రభువుకి అన్నమెవరు పెట్టేవాళ్లండీ?" అంది టైలరమ్మ.

పక్కనే ఉన్న పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు.

తాళాలాయన నవ్వలేదు. ఆ షెడ్డంటే అతనికి ప్రాణం. అతను గుంపులో చేరిన తీరే వింత. ఒకసారి ఓ మామ్మ బయటా తాళంచెవి లోపలా ఉండిపోతే, గుంపు గడప ముందు బిక్కమొహం వేసుకుని నిలబడింది. దారిన పోతున్నవాడు ఆగి, చిటికెలో తలుపు తీశాడు. పై శనివారమూ వచ్చాడు. ఇక మానలేదు. ఆదివారాలు ఆరాధన జరుగుతున్నంతసేపూ షెడ్డులో పనిముట్లకి నూనె రాస్తుంటాడు. గోడ అవతలి పాటలకి ఇవతల గొంతు కలుపుతాడు. అన్నీ కంఠతా వచ్చు.

"ఒక్క మనిషేగా మాస్టారూ! నేను తెస్తాను" అనేశాడు.

అనడం తేలికే. ముందు ఆ మామ్మ దగ్గరికే వెళ్లాడు.

"నా మోకాళ్లకి కూడా తాళం పడిపోయింది నాయనా. దానికి మారుచెవి ఉంటే పట్రా, రేపే వస్తా" అందామె.

ఇంటికొచ్చి భార్యని బతిమాలాడు.

"ఊళ్లో తలుపులన్నీ తెరుస్తారు. నా బీరువా మాత్రం నేను పిన్నీసుతో తెరుచుకుంటున్నా. ముందు దాని సంగతి చూడండి. తర్వాత నా సంగతి."

సాయంత్రానికల్లా బీరువా నోరు తెరిచింది.

"మరి రేపు?" అన్నాడు ఆశగా.

"రేపు మా చెల్లెలు వస్తోందిగా!"

చివరికి సెలూన్ అతని కాళ్లా వేళ్లా పడ్డాడు. అతని షట్టరు బిగుసుకుపోయినప్పుడు ఎండలో నిలబడి ఊడదీసింది ఈ గుంపే.

"ఆదివారం నాకు గిరాకీ బావా. పాస్టరుగారు సోమవారం తీరిగ్గా ఉంటారేమో కనుక్కో" అన్నాడు సెలూన్ అతను. తాళాలాయన మొహం చూసి మెత్తబడ్డాడు. "సర్లే, ఏడవకు. నువ్వు నా పక్కనే కూర్చుంటానంటే వస్తా. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో నాకేం తెలుసు?"

"నేనుంటాగా!" అన్నాడు తాళాలాయన, నూనె చేతులు చొక్కాకి తుడుచుకుంటూ.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నూనె మరకలు పోయేదాకా చేతులు తోముకుని మందిరం మెట్లెక్కాడు. ఆ తలుపుకి బయటి గడియ బిగించింది తనే. తోసుకుని లోపలికెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. పక్కన చేతిరుమాలు పరిచి చోటు పట్టాడు.

పాటలు మొదలయ్యాయి. గొంతెత్తి పాడాడు. అందరూ లేచాక లేచాడు, అందరూ కూర్చున్నాక కూర్చున్నాడు. ధ్యాసంతా తలుపు మీదే. అది కిర్రుమన్నప్పుడల్లా మెడ తిప్పాడు. ఒకసారి గాలి. ఇంకోసారి ఆలస్యంగా వచ్చిన తాత.

కిటికీలోంచి వీధి చివరి సెలూన్ కనిపిస్తోంది. కుర్చీలో ఒకరు, బయట బల్ల మీద నలుగురు. కత్తెర ఆడిస్తూ సెలూన్ అతను ఇటువైపు చూసి, ఏం చెయ్యను బావా అన్నట్టు భుజాలెగరేశాడు.

తాళాలాయన తల వంచుకున్నాడు. షెడ్డు పోయింది. శనివారాలూ పోయినట్టే.

ప్రసంగం అయింది. ప్రార్థన అయింది. పాస్టరుగారు ప్రతి ఆదివారం అడిగే మాటే అడిగారు.

"ఇవాళ మొట్టమొదటిసారి ఈ మందిరంలో అడుగుపెట్టినవాళ్లుంటే దయచేసి లేచి నిలబడండి. చప్పట్లతో ఆహ్వానిద్దాం."

తలలు అటూ ఇటూ తిరిగాయి. మాస్టారు ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా చూపు సారించాడు. అన్నీ తెలిసిన మొహాలే. తాళాలాయన కూడా చుట్టూ చూశాడు. ఎవరూ లేవలేదు.

షెడ్డు తాళంచెవి ఇమ్మన్నట్టు మాస్టారు టైలరమ్మ వైపు చెయ్యి చాపాడు.

పాస్టరుగారు మాత్రం చివరి బెంచీ వైపే చూస్తూ అదే మాట ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, అడిగారు.

చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఏదో తప్పు చేసినవాడిలా, తాళాలాయన లేచి నిలబడ్డాడు.