గుమ్మం ఎక్కనివ్వని మనిషి

రైల్వే యార్డులో, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరే రోజు పొద్దున్నే జెన్నిఫర్‌ను తల్లి దోర్కా ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇక నీ బతుకు నీది. ఒక్కటే గుర్తెట్టుకో. ఎవుల్నీ నమ్మకు. నమ్మినోడే మీ నాన్నని సంపినాడు."

ఆ మాట జెన్నిఫర్‌కు కొత్త కాదు.

ఆమె చిన్నపిల్లగా ఉండగా తండ్రి ఆర్థర్ అదే యార్డులో, బండి పెట్టెలు కలిపే చోట నలిగి చనిపోయాడు. అతడి బదులు దోర్కాకు రైల్వే ఆసుపత్రిలో ఉద్యోగం ఇచ్చారు. మనిషి మధ్యలో ఉండగానే ఇంజనుకు జెండా ఊపింది తనేనని జతగాడు సిరిల్ ఒప్పుకున్నాడు. అతడి ఉద్యోగం ఊడింది. పెళ్లాం పుట్టింటికి వెళ్లి మళ్లీ రాలేదు.

'తగిన శాస్తే' అనుకుంటూ పెరిగింది జెన్నిఫర్.

బయటికి రాగానే గేటు దగ్గర సిరిల్!

"పాపా, డ్యూటీలో సేరతన్నావట..."

"నన్ను పాపా అనకు."

"ఒక్క మాట సెప్పి పోతాను. పాప పెద్దదై పనిలో సేరినాక సెప్పరా అని, పోయే ముందు మీ నాన్న నా సెవిలో..."

"మా నాన్న మాట సంపినోడి నోట ఇనాలా?"

వెనక నుంచి దోర్కా వచ్చి అంట్లు కడిగిన నీళ్లు అతడి మొహాన కొట్టింది.

"మళ్లీ ఈ గుమ్మం కాడ కనబడితే కాళ్లు ఇరగ్గొట్టిస్తాను!"

"కోపం తగ్గాక వస్తాను సెల్లీ."

"సెల్లెలి తాళి తెంపినోడివి, సెల్లీ అంటావేటిరా?"

సిరిల్ మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

కానీ ఊరుకోలేదు. వారం తిరక్కుండా, బెంగాలీలు ఎక్కువుండే మలంచా రోడ్డులో ఆటో ఎక్కబోతున్న జెన్నిఫర్‌కు అడ్డం వచ్చాడు.

"ఇనేసి, ఆ తరవాత నన్ను తిట్టుకో తల్లీ."

"కీ హొలో దీదీ?" ఏమైందని అడిగాడు ఆటోవాడు.

జెన్నిఫర్ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఈ ముసలోడు రోజూ నా వెంట పడుతున్నాడు దాదా," అంది బెంగాలీలో.

అంతే. చుట్టూ ఉన్న నలుగురూ అతడి మీద పడ్డారు. సిరిల్ చేతులు మాత్రం అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆపమనలేదు. మురుగుకాలవ గట్టున అతడు చతికిలబడేదాకా చూసి, ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి చెబితే దోర్కా కూతురి వీపు తట్టింది. "ఇప్పుడు నా బిడ్డవనిపించుకున్నావు."

ఆ తర్వాత సిరిల్ కనబడలేదు. చలికాలంలో దగ్గు ముదిరి పోయాడని కబురొచ్చింది.

మట్టిలో కలిసేది కళ్లారా చూడాలని సమాధుల తోటకు వెళ్లింది జెన్నిఫర్.

పాస్టరుగారు, గొయ్యి తవ్వినవాళ్లు, రిటైరైన డ్రైవరు తీతు. అంతే జనం. ఆర్థర్ పోయిన రోజు ఇంజను మీద ఉన్నది ఆ తీతే.

"దేవుడు ఇన్నాళ్లకి సూసినాడు తాతా," అంది జెన్నిఫర్, గుప్పెడు మట్టైనా వేయకుండా.

తీతు గిర్రున తిరిగాడు.

"నోరు ముయ్యే గుంటా!"

ఆమె బిత్తరపోయింది.

"మీ నాన్న మాట సెప్తానని వస్తే కొట్టించినావట. ఏటి సెప్పమన్నాడో ఇంక ఎవుడు సెప్తాడు నీకు?"

"నీకు... నీకు తెలీదా?"

"తెలీదు. ఆర్థర్ తలకాయి ఒళ్లో ఎట్టుకున్నోడు సిరిల్. ఆడికొక్కడికే సెప్పినాడు."

"సంపినోడికి సెప్పడమేటి?"

తీతు కొత్త సమాధి వైపు చూశాడు.

"ఆడు బతికుండగా సెప్పనని ఒట్టేసినాను. ఇంక ఆడే లేడు."

"ఏటి తాతా?"

"ఆగరా ఆగరా అని సిరిల్ అరస్తన్నా, తాగిన మత్తులో తనే జెండా ఊపి పెట్టెల మజ్జికి దూరినాడమ్మా మీ నాన్న; అది బయటపడితే మీ అమ్మకి ఆసుపత్రిలో ఉద్యోగం ఇవ్వరని, ఊపింది నేనేనని ఆడి నెత్తినేసుకున్నాడు సిరిల్."